తాతయ్య చేను, బూడిద బ్లాకు

మేముంటున్న ఇంటి గోడలు మా తాతయ్య చేలోంచి వచ్చాయి. 1988లో నాన్న విజయవాడ భవానీపురంలో ఇల్లు మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు అంతంతమాత్రం. తాతయ్యకి అవనిగడ్డ వైపు కరకట్ట దిగువన కాస్త మాగాణి ఉండేది. ఆ పక్కనే ఇటుకల బట్టీ నడిపే ఆయన ఒక రోజు వచ్చి అరుగు మీద కూర్చుని, "యాభై సెంట్లలో అడుగు మట్టి తీసుకుంటాను, మీ అబ్బాయి ఇంటికి కావలసిన ఇటుకంతా పంపిస్తాను, పైన ఎంతో కొంత రొక్కం" అన్నాడు. తాతయ్య ఒప్పుకున్నాడు. కాగితం రాసుకోలేదు. అడుగు కాస్తా రెండడుగులైంది. ఇదేంటయ్యా అని అడిగితే "వానకి దిగిందండీ" అన్నాట్ట.

ఇంటికి 22,000 ఇటుక పట్టింది. నాన్న డైరీలో ఆ లెక్క ఇప్పటికీ ఉంది, ఏ ట్రాక్టరు ఏ రోజు వచ్చిందో తేదీలతో సహా. మొన్నామధ్య కూర్చుని నేనూ ఒక లెక్క వేశాను. మా వైపు ఇటుక తొమ్మిదంగుళాల పొడవు, నాలుగు వెడల్పు, మూడు మందం. అంటే లీటరూ ముప్పావు మట్టి. యాభై సెంట్లలో రెండడుగుల లోతు తీస్తే 1,200 ఘనపు మీటర్ల పైమాటే. ఆరడంలో, కాలడంలో, విరగడంలో తరుగు పోనిచ్చినా ఆరు లక్షల ఇటుక. మా ఇల్లు పోను అలాంటివి ఇంకో పాతిక ఇళ్లు ఆ చేలోంచే లేచాయన్నమాట. మాకు ముట్టింది ఒక్క ఇల్లు, కొంచెం రొక్కం.

పోయింది మామూలు మట్టి అయితే బాధ లేదు. ఏటా పెంట తోలి, జనుము చల్లి కలియదున్ని, మా ముత్తాత నాటి నుంచి తయారుచేసుకున్న పైమట్టి అది. చుట్టూ చేల కన్నా రెండడుగులు దిగిపోయిన మడిలోకి అందరి మురుగూ చేరేది. ఊడ్చిన నాలుగో రోజుకి నారు కుళ్లేది. తాతయ్య నాలుగేళ్లు చూశాడు. నేను ఇంటర్ చదివే నాటికి అది చేపల చెరువైపోయింది. గొయ్యి ఎలాగూ ఉంది, నీళ్లు ఎలాగూ ఉన్నాయి, గట్టు పోస్తే చాలింది.

ఈ కథంతా ఎందుకంటే, 2022లో తమ్ముడు పైన ఒక అంతస్తు వేసుకుంటానన్నప్పుడు "ఎర్ర ఇటుక మాత్రం వద్దు" అని పట్టుబట్టింది నేనే. బూడిదతో చేసే తేలికపాటి ఏఏసీ బ్లాకులతో కట్టించిందీ నేనే. ఆ తర్వాత గోడలు పగిలితే ఇంటిల్లిపాదితోనూ మాటలు పడిందీ నేనే. ఇంత అయ్యాక కూడా చెప్తున్నాను: విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్లకి మట్టి ఇటుక వాడటానికి గట్టి కారణం ఇప్పుడు ఒక్కటీ లేదు. బ్లాకుకి వచ్చిన చెడ్డపేరులో ముప్పాతిక వంతు మన కట్టుబడిది.

ముందు బరువు సంగతి. బ్లాకులు అమ్మేవాళ్లు పర్యావరణం గురించి గంట మాట్లాడతారు గానీ, మా ఇంట్లో వాదన గెలిపించింది బరువు. పాత పునాదిని చూసిన ఇంజనీరు, "పైన ఇంకో అంతస్తుని మోస్తుంది. మోస్తుంది గానీ సరదాగా మోయదు. గోడలు తేలిగ్గా పెట్టుకోండి" అన్నాడు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తున కడితే, ఒక్క అడుగు పొడవుకే దాదాపు 400 కిలోలు. అదే ఎనిమిదంగుళాల బ్లాకు గోడ అయితే 130 కిలోల లోపు. ప్లాస్టింగు రెండింటికీ ఉంటుంది కాబట్టి వదిలేద్దాం. మాకు బయట గోడలే 120 అడుగులు. అంటే పాత పునాది నెత్తిన 30 టన్నులకు పైగా తేడా. మూడు లారీల ఇసక తెచ్చి డాబా మీద పోస్తారా, మానేస్తారా అని అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? పైగా మేం కట్టేనాటి భూకంపాల మ్యాపులో విజయవాడ మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ముప్పున్న చోట, ఉన్న ఊరు. భూమి కదిలినప్పుడు పైన ఎంత బరువుంటే ఇంటిని అంత గట్టిగా ఊపుతుంది.

నాన్నకి ఈ లెక్కలు నచ్చలేదు. "తేలిగ్గా ఉండేది గట్టిగా ఎలా ఉంటుందే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పిల్లర్లు, బీములతో కట్టే ఇంట్లో శ్లాబుని మోసేది గోడ కాదు, పిల్లర్లు. గోడ తన బరువు తాను మోసుకుంటే చాలు. మట్టి ఇటుకల ప్రమాణం ఐఎస్ 1077లో అన్నిటికన్నా కింది తరగతి బలం చదరపు మిల్లీమీటరుకి 3.5 న్యూటన్లు. మంచి ఏఏసీ బ్లాకు బలం కూడా ఇంచుమించు అంతే, బరువు మాత్రం మూడో వంతు. నాన్న విన్నాడు గానీ తల ఊపలేదు.

తల ఊపించింది తమ్ముడి కొడుకు. మొదటి లారీ దిగిన సాయంత్రం వాడు నాలుగంగుళాల బ్లాకొకటి ఈడ్చుకెళ్లి క్యూరింగ్ నీళ్ల సిమెంటు తొట్టిలో పడేశాడు. అది మునగలేదు. సగానికి పైగా లోపలికి పోయి, మిగతాది పైకి పెట్టుకుని, తాబేలులా తొట్టిలో తిరగడం మొదలుపెట్టింది. నాన్న కళ్లజోడు సర్దుకుని వచ్చి వేలితో కిందికి నొక్కి చూశాడు. మళ్లీ పైకి వచ్చింది. "రామప్ప గుడి ఇటుక!" అన్నాడు. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని నాన్న తన ఉద్యోగం రోజుల్లో విహారయాత్రకి వెళ్లి విని వచ్చాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఆ మాట ఇంట్లో పదిసార్లు చెప్పాడు కూడా. కాకతీయుల శిల్పులకి ఉన్న చిక్కూ మా ఇంజనీరుకి ఉన్న చిక్కూ ఒకటే, పైన బరువు తగ్గాలి. అవి మట్టి ఇటుకలే కదా అని అప్పుడే అనబోయి ఆగిపోయాను. గెలుస్తున్న వాదనని ఎందుకు చెడగొట్టుకోవడం?

ఆ బ్లాకుని రాత్రంతా తొట్టిలోనే మర్చిపోయాం. తెల్లారి కూడా తేలుతూనే ఉంది గానీ అంచు నీటి దాకా దిగింది. ఎత్తితే రాత్రి కన్నా బరువు. నీడలో పెడితే పూర్తిగా ఆరడానికి వారం పైనే పట్టింది. ఆ రోజు నేను దాని అర్థం పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే తర్వాతి రభస తప్పేది.

ఈ బ్లాకు తయారీ వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. 1920లలో స్వీడన్‌లో జోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి గానీ, మనకైతే ఇది ఇడ్లీయే. మెత్తటి బూడిద, సిమెంటు, సున్నం, కొంచెం జిప్సం నీళ్లతో కలిపి పిండి చేస్తారు. అందులో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు. సున్నంతో కలిసేసరికి అది హైడ్రోజన్ వదులుతుంది, పిండి పొంగుతుంది. పొంగి, కాస్త బిగిసిన ముద్దని తీగలతో కోస్తారు, జున్నుని కోసినట్టు. ఆపైన పెద్ద కుక్కర్‌లో పెట్టి, సుమారు 190 డిగ్రీల ఆవిరిలో, మామూలు గాలి పీడనానికి పది పన్నెండు రెట్ల ఒత్తిడిలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉడికిస్తారు. ఆ ఒత్తిడిలో బూడిదలోని సిలికా, సున్నం కలిసి టోబర్‌మొరైట్ అనే కొత్త ఖనిజంగా మారతాయి. బ్లాకు బలమంతా అదే. ఆ కుక్కర్ పేరే ఆటోక్లేవ్, ఏఏసీలో మొదటి ఏ దానిదే.

కుక్కర్ ఎక్కని చుట్టం ఒకటుంది, సీఎల్‌సీ. సబ్బు నురగ లాంటిది కలిపి అచ్చులో పోసి, నీళ్లు కొట్టి ఆరబెడతారు. పద్ధతిగా చేస్తే అదీ పనికొస్తుంది గానీ సిమెంటు ఎక్కువ పడుతుంది, బరువూ ఎక్కువ. కొన్నిచోట్ల ఏఏసీ అని చెప్పి ఇదే అంటగడతారు. పక్కలు చూడండి. తీగ కోసిన గరుకు గీతలుంటే ఏఏసీ, అచ్చులోంచి తీసిన నునుపుంటే సీఎల్‌సీ.

ఇక పచ్చదనం. షాపు వాళ్లిచ్చిన కరపత్రంలో పచ్చటి ఆకు బొమ్మ, "కాలుష్యం సున్నా" అన్న మాట ఉన్నాయి. ఆ మాట అబద్ధం. బ్లాకులో సిమెంటుంది, సున్నముంది, రెండూ సున్నపురాయిని కాల్చి చేసేవే. ఆ రాయి కాలేటప్పుడు ఇంధనం పొగ సరే, రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. కుక్కర్‌కి ఆవిరి కావాలంటే బాయిలరు మండాలి. మరోపక్క మన డెల్టాలో చిన్న బట్టీల వాళ్లు ఊక కూడా వాడతారు, అది బొగ్గంత పాపం కాదు. కాబట్టి కిలోకి కిలో పోలిస్తే బ్లాకు ఏమంత పుణ్యాత్మురాలు కాదు. అయితే మనం కట్టేది కిలోలతో కాదు కదా. ఒక ఘనపు మీటరు గోడకి ఇటుకైతే టన్నుంబావుకి పైగా మట్టిని వెయ్యి డిగ్రీల దగ్గర కాల్చాలి. బ్లాకైతే ఆరేడు వందల కిలోల ముద్దని ఆవిరిలో ఉడికిస్తే సరిపోతుంది. లాభం ఆ బరువులోంచే వస్తోంది.

నా వరకు అసలు కారణాలు ఆ కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉన్నవి. ఒకటి మట్టి, దాని సంగతి పైన చెప్పాను. రెండోది బూడిద. ఇబ్రహీంపట్నంలో మనం వీటీపీఎస్ అని పిలిచే డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ 1979 నుంచి బొగ్గు మండిస్తోంది. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. అంటే రెండు మూడు వ్యాగన్లు లోపలికి వెళ్తే ఒక వ్యాగను బూడిదై బయటికి రావాలి. కరెంటు మనం వాడేశాం, బూడిద మిగిలింది. దాన్ని చెరువుల్లో నీళ్లు కలిపి పోసుకోవాలి, లేదా దేనిలోనైనా వాడాలి. బూడిద ఇటుకలు వాడితే బొగ్గుని సమర్థించినట్టే అని మా ఆఫీసులో ఒకాయన వాదిస్తాడు. ఉన్న కుప్పని ఏం చేద్దామండీ అంటే మాత్రం జవాబు ఉండదు.

ఇందులో ప్రభుత్వం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 1999 సెప్టెంబరులోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, థర్మల్ స్టేషన్‌కి 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకలు చేసేవాళ్లు కనీసం 25 శాతం బూడిద కలపాలని. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లు చేశారు, 2016లో 300 చేశారు. ఇబ్రహీంపట్నంలో కంపాస్ ముల్లు గుచ్చి మొదటి గీత గీసినా విజయవాడ, మంగళగిరి, గుంటూరు, తెనాలి అన్నీ లోపలే పడతాయి. అయినా ఎర్ర ఇటుక లోడు దొరకని రోజంటూ లేదు. 2015లో అమరావతి కోసం "నా ఇటుక – నా అమరావతి" అని పది రూపాయలకొక ఇటుక ఆన్‌లైన్‌లో కొనిపించారు గుర్తుందా? నేనూ కొన్నాను, నాన్న పేరు మీద ఐదు. ఆ తర్వాత అక్కడ లేచిన ఉద్యోగుల టవర్లు షియర్‌వాల్ పద్ధతిలో పోసిన కాంక్రీటు గోడలవి. మన మనసులో మాత్రం ఇల్లంటే ఇప్పటికీ ఇటుకే.

ఇక పగుళ్ల కథ.

మా మేస్త్రి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. తూకంగుండు వేయకుండానే గోడ వంకర చెప్పగలడు. మొదటి రోజు బ్లాకులు దించడానికి వచ్చిన ముఠా, ఇటుకల్లా ఒకరికొకరు విసిరి అందుకోబోయారు. ఆరేడు మూలలు విరిగాక ఆగారు. ఆ తర్వాత మేస్త్రి పైపు తీసుకుని బ్లాకుల దొంతర మీద నీళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. తొట్టిలో బ్లాకు గుర్తొచ్చి, "మేస్త్రి గారూ, వీటికి నీళ్లు అవసరం లేదన్నారు కదా" అన్నాను.

"అమ్మా, నీళ్లు తాగని గోడ గోడే కాదు. మీరు పైకెళ్లి టీ పంపించండి" అన్నాడు.

టీ పంపించాను. అదీ నా తప్పు.

మట్టి ఇటుక విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఎండిన ఇటుకని అలాగే పెడితే మాలులో, అంటే సిమెంటూ ఇసకా కలిపిన ముద్దలో, నీళ్లు గుటుక్కున పీల్చేస్తుంది, మాలు పట్టకుండా పొడి అయిపోతుంది. అందుకే ముందు నానబెడతారు. ఏఏసీ బ్లాకు దాహం వేరు. మెల్లగా తాగుతుంది, చాలా తాగుతుంది, ఓ పట్టాన వదలదు. వదిలేటప్పుడు ముడుచుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచి వేడివేడిగా వచ్చిన బ్లాకులోనే బోలెడు తేమ ఉంటుంది, అది పోవడానికే కొన్ని వారాలు నీడలో ఉంచాలి. మేం బ్లాకులు దిగిన మర్నాడే, తడిపి మరీ కట్టాం. పైగా గోడ గట్టిగా ఉండాలని సిమెంటు ఎక్కువ పోసిన మాలు. కట్టిన వారానికే ప్లాస్టింగు, అదీ చిక్కటి మాలుతోనే. బ్లాకు లోపల ముడుచుకుంటోంది, పైనా పక్కనా ఉన్న మాలు కదలనంటోంది. రెంటిలో బలహీనమైనది తెగాలి. మెత్తటి బ్లాకుకి దానికన్నా మెత్తటి మాలు పెట్టాలన్నది మాకెవరికీ తెలియలేదు.

2023 మేలో బయటపడింది. పడమటి గదిలో బీము కింద స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఒక పగులు. కిటికీ కింది మూల నుంచి ఏటవాలుగా ఇంకొకటి. గోడ మధ్యలో బ్లాకుల అతుకుల వెంబడి మెట్లు మెట్లుగా మూడోది. రూపాయి బిళ్ల అంచు దూరేంత. నాన్న వేలితో తడిమి ఏమీ అనలేదు, అది తిట్టిన దానికన్నా ఘోరం. మరదలు "వదినా, పిల్లల్ని ఈ గదిలో పడుకోబెట్టొచ్చా?" అంది. మేస్త్రి వచ్చి చూసి, "నే చెప్పలేదా అమ్మా, ఇది సున్నం ముక్క. ఇటుక ఇటుకే" అన్నాడు. పక్కింటాయన మా గోడ చూసి వెళ్లి తన ఇంటికి ఎర్ర ఇటుక ఆర్డరిచ్చాడు. ఇలా ఒక్కో ఇంటి పగులుతో ఆ వీధి వీధంతా బట్టీకి పోతుంది.

మా అదృష్టం, డబ్బు ఆడక మిగతా రెండు గదులు ఆగి ఉన్నాయి. వాటి బ్లాకులు టార్పాలిన్ కింద ఆర్నెల్లుగా ఆరుతున్నాయి. ఈసారి నేను టీ పంపించే పని పెట్టుకోలేదు. ఇంజనీరుని పట్టుకుని కూర్చుని మేస్త్రికి అన్నీ చెప్పించాను. బ్లాకుని తడపకూడదు, కుచ్చుతో దుమ్ము దులిపితే చాలు, మరీ ఎండగా ఉంటే పైపైన నీళ్లు చిలకరించొచ్చు. మొదటి వరస ఒక్కటే మాలు మీద, రసమట్టం పెట్టి. అక్కణ్ణుంచి పైకి మూడు మిల్లీమీటర్ల మందాన బ్లాకుల జిగురు.

"గోడకి జిగురేంటమ్మా, పోస్టు కవరా?" అన్నాడు మేస్త్రి. కూలీలందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

పళ్లున్న తాపీతో జిగురు లాగి, బ్లాకు కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేసి, పక్కదానికి వెళ్లడం. ఒక మధ్యాహ్నానికే చెయ్యి అలవాటు పడింది. రోజుకి నాలుగడుగులకి మించి లేపొద్దని ఇంజనీరు అంటే మాత్రం మేస్త్రికి ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే సాయంత్రానికి బీము దాకా వెళ్లిపోయేంత ఊపులో ఉన్నాడు. నాలుగంగుళాల గోడలకి మీటరుకొకటి చొప్పున సన్నటి కాంక్రీటు పట్టీ పోశాం. బీముకీ గోడకీ మధ్య వేలెడు సందు వదిలి, ఆఖర్న పలచటి మాలుతో పూడ్చాం. గోడ, బీము, పిల్లరు కలిసే ప్రతి చోటా కోళ్ల వల కొట్టాకే ప్లాస్టింగు, అది కూడా ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్లు ఇసక. కరెంటు పైపుల కోసం ఉలీ సుత్తీ ముట్టుకోనివ్వలేదు, మిషనుతో గాడి తీయించాం. జిగురు గోడకి నీళ్లు కొట్టే పని లేదు. ఎండాకాలం విజయవాడలో వారం రోజుల క్యూరింగ్ నీళ్లు మిగలడం ఏ కరపత్రమూ గొప్పగా చెప్పుకోదు, చెప్పుకోవాలి.

ఇటుకలు మోసే ఆమెని అడిగాను, ఏది నయమని. ఎనిమిదంగుళాల బ్లాకు ఒక్కటి పదమూడు పద్నాలుగు ఇటుకలతో సమానం. ఆ ఇటుకలు నలభై కిలోలు, బ్లాకు పదిహేను. "తల బరువు తగ్గిందమ్మా, కానీ దీన్ని పట్టుకునే వీల్లేదు, అరిచేతులు గీరుకుపోతున్నాయి" అంది. మర్నాడు గ్లవ్స్ తెప్పించాను. అరపూట వేసుకుని, చెమట పోస్తోందని తీసేసింది.

ఆ రెండు గదుల్లో ఇప్పటికి ఒక్క నెర్రె లేదు. పాత గదిలో పగుళ్లు తవ్వి, బీము పొడవునా ప్లాస్టింగు చెక్కేసి, వల కొట్టి మళ్లీ పూశారు. అదీ నిలిచింది. మేస్త్రి "మీరు చెప్పింది నిజమేనమ్మా" అనలేదు. అనక్కర్లేదు.

మిగతా ఫిర్యాదుల్లో కొన్ని నిజాలే. మేకు కొడితే పొడి రాలి మేకు చేతికొస్తుంది. క్యాలెండరు దాకా పర్వాలేదు గానీ గీజరు, టీవీ, వంటింటి పై అరలు వేలాడదీయాలంటే ఈ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి ప్లగ్గులు వాడాలి. ఏసీ బిల్లు సగమవుతుందన్న మాట నమ్మకండి. బ్లాకు వేడిని పోనిచ్చే గుణం మట్టి ఇటుకలో నాలుగో వంతే, అది నిజం. మే నెల రాత్రి తొమ్మిదింటికి కింది పడమటి గోడ మీద చెయ్యి పెడితే అట్లు పోశాక పక్కన పెట్టిన పెనంలా ఉంటుంది, పైన అలా ఉండదు. కానీ ఆఖరి అంతస్తుని కాల్చేది శ్లాబు. దానికి నీడో, తెల్లటి పూతో లేకుండా గోడలు మార్చి లాభం లేదు.

నేల మీది గోడలకి మాత్రం నేను బ్లాకు చెప్పను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ల ఇంట్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ ఇటుక గోడలు ఆరడానికే సంక్రాంతి దాటింది. ఆ తొట్టిలోని బ్లాకుని చూసినదాన్ని, అలాంటి చోట కింది అంతస్తుకి దాన్ని ఎలా పెట్టమంటాను? పునాదికీ, కింది గోడలకీ బూడిద ఇటుక ఉంది కదా. విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండా గట్టిపడే ఫాల్-జి ఇటుకని తీర్చిదిద్దారు. దానికి కాల్చే పనీ లేదు, కుక్కర్ పనీ లేదు. బరువు మాత్రం మట్టి ఇటుకంతా ఉంటుంది, నేల మీద ఆ బరువుతో పేచీ లేదు. కింద బూడిద ఇటుక, పైన బ్లాకు. రెండిట్లోనూ మా తాతయ్య చేను లేదు.

బట్టీలు మూతపడితే అక్కడి కూలీలేమవుతారని తమ్ముడు అడిగాడు. ఒడిశాలో బలంగీర్, నువాపడా నుంచి అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో వచ్చి, ఆ బాకీ తీరేదాకా ఎండలో ఇటుక తీసే కుటుంబాలవి. వాళ్లకి వేరే పని చూపించాలి, ఒప్పుకుంటాను. ఆ పనిని మాత్రం కాపాడాలని నాకు లేదు.

పోయిన నెల బ్యాంకు నుంచి వస్తుంటే మా వెనక వీధిలో కొత్త ఇల్లు లేస్తోంది. గేటు పక్కన బూడిదరంగు బ్లాకుల దొంతర, దాని మీద పైపు, కింద మడుగు. స్కూటరు ఆపి లోపలికి వెళ్లాను. కుర్ర మేస్త్రి. "బాబూ, వీటికి నీళ్లు పెట్టకూడదు, ఆరేటప్పుడు గోడ పగులుతుంది" అన్నాను. అతను నన్నూ, ఎదురుగా ఫోన్లో మాట్లాడుతున్న ఓనరునీ చూశాడు. ఓనరు చెయ్యి ఊపాడు, సరే అన్నట్టో, పొమ్మన్నట్టో తెలియలేదు. మేస్త్రి వెళ్లి కుళాయి కట్టేశాడు. "థ్యాంక్సండీ మేడమ్" అన్నాడు కూడా.

స్కూటరు స్టార్ట్ చేసి మలుపు దాకా వచ్చానో లేదో, వెనకాల పైపు మళ్లీ బుసకొట్టింది.